చక్రాన్ని పట్టి ఉంచేది ఏది? – కడశీల నుంచి స్టడ్ల వృత్తం దాకా

ఎడ్లబండి చక్రం జారిపోకుండా ఇరుసు చివర గుచ్చే మేకును కడశీల అంటాము. ఇది నిన్న మొన్నటి వస్తువు కాదు. ఋగ్వేదంలోనే దీనికి 'ఆణి' అనే పేరు కనబడుతుంది. దశరథుడు దేవతల పక్షాన యుద్ధం చేస్తుండగా రథపు శీల ఊడిపోతే, కైకేయి తన వేలిని ఆ రంధ్రంలో పెట్టి రథాన్ని నిలిపిందని పెద్దలు చెప్పే కథ మనలో చాలామంది విన్నదే. వాల్మీకి రామాయణంలో కథ ఈ రూపంలో లేదు. ఎవరు కల్పించినా, ఆ కల్పించినవారికి బండి పనితనం బాగా తెలుసు. ఎంత పెద్ద రథమైనా చక్రం నిలవటానికి వేలెడు మేకు చాలు. అది లేకపోతే రథమే లేదు.

వేలెడు మేకు ఎందుకు చాలుతుంది? బండిమీది బరువును శీల మోయదు గనుక. బరువు ఇరుసుమీదుగా చక్రం నడిమి దిమ్మలోకి, అక్కడినుంచి ఆకుల ద్వారా నేలకు పోతుంది. బండి పక్కకు ఒరిగినప్పుడు చక్రం బయటికి జారబోతుంది. ఆ తోపును ఆపటమే శీల పని. చక్రాన్ని తిప్పే భారం కూడా దానికి లేదు. ఎద్దులు బండిని లాగితే చక్రం తనంత తానే తిరుగుతుంది.

మోటారు బండిలో ఈ ఏర్పాటు తలకిందులయింది. అక్కడ చక్రాన్ని తిప్పేది ఇంజను, ఆపేది బ్రేకు. ఆ రెండు బలాలూ, వాటితోపాటు బండి బరువూ, హబ్బుకూ చక్రానికీ మధ్య ఉన్న ఒకే ఒక అతుకుగుండా పోవాలి. ఆ అతుకును బిగించి ఉంచేవే స్టడ్లు, వాటిమీది నట్లు.

చెన్నూరు వంటి ఊళ్లో ఇది పుస్తకాల ముచ్చట కాదు. నిజామాబాదు, జగిత్యాల, మంచిర్యాలలమీదుగా వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి చెన్నూరు దాటి, ప్రాణహిత అవతల సిరొంచకు, అక్కడినుంచి జగదల్‌పూరుకు పోతుంది. ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పనిని నేడు ఈ దారిమీద పికప్ బండి చేస్తున్నది. పత్తి, కూరగాయలు, సిమెంటు, పెళ్లి సామాను అన్నీ దానిమీదనే. రెంటికీ మధ్య టైరుబండి ఒకటి ఉన్నది. కట్టె చక్రాలు తీసివేసి రబ్బరు టైర్లు వేసిన ఆ ఎడ్లబండికి కడశీల ఉండదు. హబ్బు, స్టడ్లు, నట్లు ఉంటాయి. ఎద్దుల మెడమీది కాడి మారలేదు గాని, చక్రం బిగింపు మోటారు యుగంలోకి వచ్చింది.

పికప్ బండి చక్రపు ఇనుప డిస్కు గుంటల్లో పడి వంగవచ్చు, రంధ్రాల దగ్గర చీలవచ్చు. వెడల్పు టైరు వేయాలని యజమానికి ముచ్చట పుట్టవచ్చు. కారణం ఏదైనా మరో డిస్కు కొనవలసి వస్తుంది. అప్పుడు దుకాణంలో వినబడే మొదటి ప్రశ్న "ఎన్ని నట్లది?" అని. ప్రశ్న సరైనదే గాని చాలదు. అయిదు నట్ల చక్రాలన్నీ ఒకటి కావు. ఆరు నట్లవీ అంతే. ఇన్ని రకాలు ఎట్లా పుట్టినవో తెలుసుకుంటే ఎంపిక సులభమవుతుంది. అందుకోసం కొంత దూరం పోవలసి ఉంటుంది.

మొదటి మోటారుకార్ల చక్రాలను దారిలో సులభంగా విప్పే వీలు ఉండేది కాదు. టైరులో గాలి పోతే అక్కడే కూర్చుని, చక్రం బండికి ఉండగానే టైరు ఊడదీసి అతుకు వేసుకోవాలి. వేల్సు దేశంలోని లనెలీ పట్టణంలో స్టెప్నీ వీధిలో ఇనుప సామాను వ్యాపారం చేసిన థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన, సోదరుడు వాల్టరుతో కలిసి 1904లో దీనికొక ఉపాయం కనిపెట్టాడు. గాలి నింపిన టైరుతో, ఆకులు లేని ఒక వలయాన్ని తయారుచేసి, పంచరయిన చక్రం పక్కన కొక్కేలతో బిగించేవాడు. ఆ వీధి పేరే దానికి పెట్టాడు. ఆ వలయాలు ఏనాడో పోయినవి. ఇంగ్లండులో సైతం ఇప్పుడు ఆ మాట ఎవరూ వాడరు. మన దేశంలో మాత్రం పంచరు దుకాణంలో పనిచేసే పిల్లవాడి నుంచి లారీ డ్రైవరు దాకా అందరూ అదనపు చక్రాన్ని 'స్టెప్నీ' అనే అంటారు. ఒక వేల్సు వీధి పేరు చెన్నూరు బస్టాండు దగ్గర రోజూ వినబడుతున్నదంటే ఆశ్చర్యమే గదా!

స్టెప్నీ వలయం తాత్కాలికం. అసలు కావలసింది మొత్తం చక్రాన్నే విప్పి, మరొకటి తగిలించటం. దీనికి రెండు మార్గాలు కనబడినవి. ఇంగ్లండులో రడ్జ్-విట్‌వర్త్ కంపెనీకి చెందిన జాన్ ప్యూ చూపిన మార్గం మొదటిది. హబ్బుకు పళ్లు పెట్టి, చక్రాన్ని వాటిమీదికి తోసి, నడుమ ఒకే పెద్ద నట్టుతో బిగించటం. ఒక విధంగా ఇది కడశీల పద్ధతికే కొత్త రూపం. పందెపు కార్లలో నేటికీ ఒకే నట్టు వాడుతున్నారు. కాని అది ఖరీదైన పని. పళ్లు అతి నిశితంగా కోయాలి. రెండవ మార్గం 1908 ప్రాంతంలో జోసెఫ్ శాంకీ కంపెనీ తెచ్చిన ఉక్కురేకు చక్రం. రేకును అచ్చుల్లో నొక్కి చక్రంగా చేసి, నడుమ కొన్ని రంధ్రాలు వేసి, హబ్బుకు ఉన్న మరమేకులకు తగిలించి నట్లు బిగించటమే. చవక, తేలిక, గట్టిదనం మూడూ కుదిరినవి. లోకం ఈ రెండవ దారినే పట్టింది.

అయితే ఎన్ని రంధ్రాలు? ఎంత పెద్ద వృత్తంమీద? ఈ రెండు ప్రశ్నలకూ ప్రకృతి ఇచ్చిన ఒకే సమాధానమంటూ లేదు. సిట్రోయెన్ 2సీవీ అనే ఫ్రెంచి కారు మూడు స్టడ్లతో దశాబ్దాల పాటు నడిచింది. బరువు లారీలకు పది ఉంటాయి. ప్రతి కర్మాగారమూ తన బండి బరువునుబట్టి, తన హబ్బు పరిమాణాన్నిబట్టి, తన దగ్గర ఉన్న యంత్రాలనుబట్టి ఒక కొలత ఎన్నుకున్నది. ఎన్నుకున్నాక మార్చటం కష్టం; హబ్బు, డ్రమ్ము, డిస్కు, స్టెప్నీ అన్నీ కలిసి మారాలి. అందుచేత ఒకసారి పడిన కొలత తరతరాలు నిలుస్తుంది.

మనకు దగ్గరి ఉదాహరణ జీపు. 1927 డిసెంబరులో ఫోర్డు కంపెనీ విడుదల చేసిన 'ఎ' మోడలు కారుకు చక్రానికి అయిదు స్టడ్లు. వాటి నడి బిందువులు 5½ అంగుళాల వ్యాసంగల వృత్తంమీద ఉండేవి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా తయారుచేసిన జీపులకూ ఇదే కొలత. యుద్ధం ముగిశాక 1940ల చివర మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చటం మొదలుపెట్టింది. అడవిశాఖ, పోలీసుశాఖ, రెవిన్యూ అధికారులు, కాంట్రాక్టర్లు అందరికీ ఆదిలాబాదు అడవి బాటల్లో జీపే దిక్కయింది. జీపు వంశం పెరిగి, 2000లో బొలేరో వచ్చింది. దానికి కూడా అయిదు స్టడ్లు, అదే వృత్తం. ఇంజను మారింది, పేరు మారింది, పైకప్పు మారింది. డెబ్బై ఏండ్లయినా ఆ అయిదు చుక్కలు కదలలేదు.

ఆ 5½ అంగుళాలు నేడు పట్టికల్లో 139.7 మిల్లీమీటర్లుగా కనబడతాయి. ఇంత విచిత్రమైన దశాంశం ఎందుకని మా విద్యార్థులు అడుగుతుంటారు. మన దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరునుంచి అమలు మొదలుపెట్టారు. కొలిచే బద్ద మారింది గాని కొలవబడే ఇనుము మారలేదు. అంగుళం 25.4 మిల్లీమీటర్లు గనుక 5½ అంగుళాలు 139.7 అయినది, 4½ అంగుళాలు 114.3 అయినది, 5 అంగుళాలు 127 అయినది. పట్టికలో 114.3, 139.7 వంటి అంకె కనబడితే అది అంగుళాల కాలంలో పుట్టిందని గ్రహించవచ్చు. 100, 135, 150 వంటి గుండు సంఖ్యలు మిల్లీమీటర్ల కాలంలో పుట్టినవి.

ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. పాత కొలతలు పోకుండానే కొత్తవి వచ్చి వాటి పక్కన చేరినవి. అమెరికాలో ఫోర్డు ఎఫ్-150 పికప్ బండి 1996 దాకా 5½ అంగుళాల అయిదు స్టడ్ల చక్రంతోనే వచ్చేది. 1997 మోడలులో స్టడ్లు అయిదే ఉంచి వృత్తాన్ని 135 మిల్లీమీటర్లు చేశారు. 2004 మోడలులో ఆ 135 వృత్తంమీదనే ఆరు స్టడ్లు పెట్టారు. టొయోటా హైలక్సు పికప్పుకు, షెవ్రొలె పికప్పులకు ఆరు స్టడ్లు 139.7 వృత్తంమీద ఉంటాయి. ఈ రెండు ఆరు నట్ల డిస్కులను పక్కపక్కన నిలబెడితే కంటికి తేడా తెలియదు. తేడా వ్యాసంలో 4.7 మిల్లీమీటర్లు, కేంద్రంనుంచి లెక్కిస్తే ఒక్కొక్క రంధ్రం 2.35 మిల్లీమీటర్లు పక్కకు.

కంటితో తెలియనిది కొలతతో తెలుస్తుంది. ఆరు రంధ్రాల డిస్కయితే చాలా సులభం: ఎదురెదురు రంధ్రాల నడి బిందువుల మధ్య దూరమే వ్యాసం. నాలుగింటికీ అంతే. రంధ్రం నడి బిందువు బద్దకు చిక్కదు గనుక, ఒక రంధ్రం ఎడమ అంచునుంచి ఎదుటి రంధ్రం ఎడమ అంచు వరకు కొలవాలి. రంధ్రాలు ఒకే పరిమాణంలో ఉంటే ఈ దూరం నడి బిందువుల దూరానికి సమానం. అయిదు రంధ్రాల దగ్గర చిక్కు వస్తుంది. అయిదింటిలో ఏ రంధ్రానికీ సరిగ్గా ఎదురుగా మరొకటి ఉండదు. కొందరు ఒక రంధ్రంనుంచి దూరపు రంధ్రానికి కొలిచి అదే వ్యాసమనుకుంటారు. అది తప్పు. 139.7 వృత్తంలో ఆ దూరం 132.9 మాత్రమే వస్తుంది. దాన్ని చూసి "ఇది 135ది కాబోలు, బద్ద కాస్త జారింది" అనుకుంటే మోసపోయినట్లే. సరైన పద్ధతి, పక్కపక్క రంధ్రాల మధ్య దూరాన్ని కొలిచి 1.701 చేత గుణించటం. పదవ తరగతి త్రికోణమితి తెలిసినవారు ఈ సంఖ్య ఎక్కడిదో చెప్పగలరు: పంచభుజిలో ఒక్కొక్క భుజం కేంద్రం దగ్గర 72 డిగ్రీల కోణం చేస్తుంది, అందులో సగం 36, దాని సైనుతో 1ని భాగిస్తే 1.701. పక్క రంధ్రాల దూరం 82.1 వస్తే వృత్తం 139.7; 79.4 వస్తే 135. ఇక్కడ రెండు కొలతల తేడా మూడు మిల్లీమీటర్ల కంటె తక్కువ. అందుచేత మడత టేపు చాలదు. వెర్నియరు కాలిపరు కావాలి. కళాశాల ప్రయోగశాలలో గాజు గోళీల వ్యాసం కొలిచే పరికరానికి ఇంతకంటె మంచి పని నాకు తోచదు.

కొలత కొద్దిగా తప్పితే ఏమవుతుంది? పూర్తిగా తప్పితే భయం లేదు, చక్రం ఎక్కనే ఎక్కదు. కొద్దిగా తప్పినదే ప్రమాదకరం. ఎందుకో తెలియాలంటే బిగించిన నట్టు ఏమి చేస్తున్నదో తెలియాలి. స్టడ్లు కొయ్యకు కొట్టిన మేకుల్లాగా చక్రాన్ని మోస్తున్నవని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్డు కంటికి కనబడనంతగా సాగుతుంది. సాగిన స్ప్రింగులాగా వెనక్కు లాగుతూ డిస్కును హబ్బుకు అదుముతుంది. ఆ అదుము వల్ల పుట్టే ఘర్షణే బండి బరువును, ఇంజను తోపును, బ్రేకు పట్టును మోస్తుంది.

లెక్క చూద్దాం. అర మీటరు పొడవుగల స్పానరు చివర 20 కిలోల బరువుతో నొక్కామనుకుందాం. 12 మిల్లీమీటర్ల స్టడ్డులో దాదాపు 4 టన్నుల బరువుకు సమానమైన లాగుడు పుడుతుంది. అయిదు స్టడ్లకు 20 టన్నులు. ఇనుముమీద ఇనుముకు ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే, డిస్కును హబ్బుమీద జరపటానికి 3 టన్నుల బలం కావాలి. చక్రంమీద పడే బరువు టన్నుకు అటూ ఇటూ. కనుక అతుకు కదలదు. కదలనంత కాలం స్టడ్డు అడ్డంగా వంగదు.

కొద్దిగా తప్పిన వృత్తంలో ఈ లెక్కంతా చెడుతుంది. సాధారణంగా నట్టు ముక్కు శంకువులాగా ఉండి, డిస్కు రంధ్రానికి ఉన్న వాలులో కూర్చుంటుంది. రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు ఉంటే శంకువు ఒక వైపున మాత్రమే ఒరుసుకుంటుంది. స్పానరు చేతికి బిగుతు తెలుస్తుంది. కాని ఆ బిగుతు స్టడ్డును పక్కకు వంచటానికి ఖర్చయింది. డిస్కును హబ్బుకు అదమటానికి కాదు. చేతికి తెలిసే బిగుతూ, అతుకుకు కావలసిన అదుమూ వేరు వేరు. పంచరు దుకాణంలో "గట్టిగానే ఉన్నది సారూ" అన్న మాట అబద్ధం కాదు, చాలని మాట. నట్టు ముక్కు గోళాకారంలో ఉండి, డిస్కు వాలు శంకువు ఆకారంలో ఉన్నా ఇదే చిక్కు వస్తుంది. డిస్కు వెనక మట్టి, తుప్పు, మందపు రంగు ఉన్నా అంతే. అవి నలిగిపోయినకొద్దీ అదుము తగ్గుతుంది.

అదుము తగ్గిన చక్రం ఆ నిమిషంలోనే ఊడిపోదు. రైలు ఇరుసులు మామూలు బరువు కిందనే ఏండ్లు గడిచాక ఎందుకు విరుగుతున్నవని 19వ శతాబ్దంలో యూరపులో పెద్ద ప్రశ్న పుట్టింది. 1842లో వెర్సెయి దగ్గర ఇంజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. ఆ తరువాత ప్రష్యా రైల్వేలో పనిచేసిన ఆగస్టు వోలర్ అనే ఇంజనీరు 1850, 1860 దశకాల్లో ఇరుసులను లక్షలసార్లు వంచుతూ తిప్పి పరీక్షించాడు. ఒకసారి మోయగల బరువును లోహం లక్షసార్లు మోయలేకపోవచ్చునని తేల్చాడు. దీన్నే లోహపు అలసట అంటున్నాము. పికప్ బండి టైరు ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. చెన్నూరునుంచి మంచిర్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. అంటే ఒక ప్రయాణంలో 18 వేల చుట్లు. అతుకు వదులైతే ప్రతి చుట్టుకూ స్టడ్డు ఒకసారి వంగి లేస్తుంది. వారంపాటు రోజూ పోయి వస్తే రెండున్నర లక్షలు దాటుతుంది. ఒక స్టడ్డు విరిగితే మిగిలిన వాటిమీద భారం పెరుగుతుంది. తరువాతివి ఇంకా త్వరగా విరుగుతాయి. ఊడిన చక్రం రోడ్డుమీద ఎవరి మీదికి దొర్లుతుందో చెప్పలేము.

నట్టు తనంత తాను ఎందుకు వదులవుతుందన్నది కూడా చాలాకాలం తెగని విషయం. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు, అడ్డంగా వచ్చే కదలికే అసలు కారణమని ప్రయోగంతో చూపాడు. అతుకు పక్కకు జరిగిన ప్రతిసారీ మరచుట్లలోని ఘర్షణ క్షణకాలం లొంగిపోయి నట్టు వెనక్కు తిరుగుతుంది. ఈ సంగతి తేలకముందే పాతకాలపు ఇంజనీర్లు అనుభవంతో ఒక జాగ్రత్త తీసుకున్నారు. యుద్ధకాలపు జీపులకు ఎడమ వైపు చక్రాల స్టడ్లమీద మరచుట్లు ఎడమ చేతి వాటంగా ఉండేవి; చక్రం తిరిగే దిశ నట్టును విప్పకుండా ఉండాలని ఆ ఏర్పాటు. అటువంటి పాత జీపు మీ ఊళ్లో ఇంకా ఉంటే, దాని ఎడమ చక్రపు నట్టును మామూలు దిశలో విప్పబోతే అది ఇంకా బిగుసుకుంటుంది. స్పానరుకు గొట్టం తొడిగి బలం పెంచితే స్టడ్డు తెగి చేతికి వస్తుంది.

మరచుట్లలో మరొక పొంచి ఉన్న చిక్కు ఉన్నది. అంగుళాల పద్ధతిలో అర అంగుళం స్టడ్డుకు అంగుళానికి 20 చుట్లుంటాయి. అంటే వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ ఎడం 1.27. మెట్రిక్ పద్ధతిలో 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు ఎడం 1.25 ఉన్న రకం ఒకటి ఉన్నది. ఎడంలో తేడా వెంట్రుకలో సగమంత కూడా లేదు. అందువల్ల అర అంగుళం నట్టు ఈ మెట్రిక్ స్టడ్డుమీదికి చేతితోనే హాయిగా ఎక్కుతుంది. కాని చుట్లు అంచులమీద మాత్రమే తగులుకుంటాయి. గట్టిగా బిగిస్తే కోసుకుపోతాయి. అంగుళాల బండ్లూ మిల్లీమీటర్ల బండ్లూ కలిసి తుక్కుకు చేరే చోట నట్లు కూడా ఒకే డబ్బాలో కలుస్తాయి. పాత నట్టు మళ్లీ వాడేటప్పుడు అది ఏ బండిదో తెలియకపోతే కొత్త నట్లు కొనటమే చవక.

కాబట్టి డిస్కు కొనబోయేటప్పుడు స్టడ్ల సంఖ్య, వృత్తపు వ్యాసం, నట్టు ముక్కు ఆకారం, మరచుట్ల రకం, ఈ నాలుగూ కలవాలి. డిస్కు నడిమి రంధ్రం హబ్బు గూడకు సరిపోవాలి. కొన్ని బండ్లలో చక్రాన్ని కేంద్రంలో నిలిపేది స్టడ్లు కాక ఆ గూడే. డిస్కు బయటికి మరీ పొడుచుకువస్తే బేరింగుమీద భారం పెరుగుతుంది. అన్నిటికంటె ముందు, డిస్కుమీద ముద్రించి ఉన్న బరువు పరిమితి చూడాలి. కారుకు చేసిన అందమైన అల్యూమినియం డిస్కు వృత్తం కుదిరినంత మాత్రాన సరుకు మోసే బండికి పనికిరాదు. బిగించేటప్పుడు అయిదు నట్ల చక్రానికి ఒకటి విడిచి ఒకటి, ఆరింటికి ఎదురెదురుగా, రెండు మూడు దఫాలుగా బిగించాలి. మరచుట్లకు నూనె రాస్తే అదే చేతి బలానికి స్టడ్డు ఎక్కువగా సాగుతుంది. తయారీదారు చెప్పనిదే రాయకూడదు. కొత్త డిస్కు వేశాక 50నుంచి 100 కిలోమీటర్లు నడిచిన తరువాత నట్లు మరొకసారి చూడాలి. చెన్నూరులో వేయించుకున్నవారు మంచిర్యాలకు పోయి వచ్చేసరికి ఆ దూరం సరిపోతుంది.

ఒకే కంపెనీ బండ్లని, ఒకే వంశంవని నమ్మి కొలవకుండా కొనటం కూడా పొరపాటే. జీపు సంతతిలోనే 2020లో వచ్చిన కొత్త థార్ బండి అయిదు స్టడ్లను వదిలిపెట్టి ఆరింటికి పోయింది. వృత్తం మాత్రం అదే 139.7. పాత థార్ డిస్కు దాని హబ్బుకు ఎక్కదు.